వద్దంటే కొన్న లెన్స్

మోసపోయి పాడు వస్తువు కొన్నవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. అమ్మేవాడు నెత్తీ నోరూ కొట్టుకుని "ఇది పాడైంది, కొనకు" అంటుంటే, అతని చేతిలోంచి లాక్కుని మరీ కొన్న మనిషిని చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ మనిషిని నేనే. అలా కొన్నదాంతో మా పెద్దమ్మ బతుకులో ఒక్కసారే జరిగే ముచ్చటను ఎలా మట్టిపాలు చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. ఒకటే షరతు. చదివి నవ్వుకోండి, కావాలంటే తిట్టుకోండి. జాలి మాత్రం పడకండి. జాలి నాకు సరిపడదు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

నా పేరు స్వరూప. హన్మకొండలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున్నే పరగడుపున వచ్చిన జనం చేతుల్లోంచి రక్తం తీయడం, తర్వాత మైక్రోస్కోపు మీద వంగి అందులో ఏమేం తిరుగుతున్నాయో చూసి కాగితం మీద రాయడం నా పని. ఇరవై ఆరేళ్ల వయసులో, పెళ్లి మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయే రోజుల్లో, నేనొక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. అది చక్కగా పనిచేసింది. కొంపంతా అక్కడే మునిగింది. మొదటి బేరమే పాడైపోయి ఉంటే బుద్ధి వచ్చేది. బాగా కుదిరేసరికి, వరంగల్ జిల్లాలో నా అంత బేరగత్తె లేదన్న నమ్మకం కుదిరింది.

ఇక చూడండి. అన్నం తింటూ ఫోన్, బస్సులో ఫోన్. పాత సామాన్లు అమ్మేవాళ్ల ప్రకటనలు తప్ప నా కంటికి ఏమీ ఆనేది కాదు. ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో ఐదు లెన్సులు, ఒక కాలు పొట్టిగా ఉన్న ట్రైపాడ్, తన ఇష్టం వచ్చినప్పుడు వెలిగే ఒక ఫ్లాష్ చేరాయి. ఆ ఫ్లాష్ ఒకసారి కిక్కిరిసిన బస్సులో, బ్యాగులో ఉండగానే దానంతటదే వెలిగింది. పక్క సీటు ముసలాయన మెరుపు అనుకుని కిటికీ మూశాడు. ఒక లెన్స్ ఉండేది, దాంట్లోంచి ఎవరిని చూసినా మొహం గుమ్మడికాయలా ఉబ్బి, చెవులు ఎక్కడో వెనక్కి పోయేవి. అదీ చవగ్గానే వచ్చింది. ఎందుకు చవకో నేను అడగలేదు. చవక అన్నాక ఎందుకు అని అడగడం నా దృష్టిలో అమర్యాద.

ఇవన్నీ మా అమ్మ బీరువాలో చేరాయి. అమ్మ పట్టుచీరలు మడతల మీద మడతలు పడి సూట్‌కేసులోకి వెళ్లాయి. చివరికి అమ్మ ఒక ఆదివారం తీర్పు చెప్పింది. కెమెరాతోపాటు రెండే రెండు లెన్సులు ఉంచుకోవాలి, మిగిలినవి ఇంట్లోంచి పోవాలి. సంక్రాంతి పోయిన వారంలోగా పోకపోతే పాత ఇనుము కొనేవాడికి తానే తూకానికి వేస్తానంది. మా అమ్మ అన్నంత పనీ చేస్తుంది. మా నాన్న పాత స్కూటర్ అలాగే పోయింది.

తీర్పు విన్న మూడో రోజే తొర్రూరు ప్రకటన కనిపించింది.

అక్కడ ఒక ఫోటో స్టూడియో మూసేస్తున్నారు. సామాన్లన్నీ బల్లమీద పరిచి ఫోటో పెట్టారు. మధ్యలో ఒక పెద్ద జూమ్ లెన్స్, మోచేతి పొడుగున, దర్జాగా పడుకుని ఉంది. కొత్తది కొనాలంటే నా జీతం కొన్ని నెలలపాటు ఉపవాసం చేయాలి. ఉన్నవి తగ్గించమంటే ఇంకోటి కొంటావా అని మీరడగొచ్చు. ఉంచుకోదగ్గ రెండు ఏవో తేల్చాలంటే ఆ రెండూ మంచివై ఉండాలి కదా. మంచిది కొంటే తప్ప మిగిలినవి అమ్మడం ఎలా? నాకు ఆ రోజు ఈ లెక్క చాలా సబబుగా తోచింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అందులో తప్పేమీ కనిపించదు.

బయల్దేరే ముందు, పాత కెమెరా సామాన్లు అమ్మేవాళ్లు ఎలా మోసం చేస్తారో చెప్పే వీడియోలు నలభై దాకా చూశాను. పొగిడితే నమ్మొద్దు. టీ ఇస్తే మొహమాటపడొద్దు. వాళ్ల లైటు కింద వాళ్లు చూపించింది చూడొద్దు, మన లైటు మనం తెచ్చుకోవాలి. ఇవన్నీ బట్టీపట్టి తొర్రూరు బస్సెక్కాను. అన్నీ గుర్తున్నాయి, నా టార్చిలైటు ఒక్కటి ఇంట్లో మరిచిపోయాను.

స్టూడియో ఆయన పేరు సత్తయ్య. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడలో తాడుకు కట్టిన కళ్లజోడు. చుట్టుపక్కల ఊళ్లలో ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లన్నీ ఆయనే తీశాడట. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కాబట్టి మూసేస్తున్నానన్నాడు. నేను మొహం మీద ఏ భావమూ కనిపించకుండా, పెద్ద లెన్స్ వైపు గడ్డంతో చూపించి, అదెంత అని అడిగాను.

"అదొద్దు బిడ్డా," అన్నాడు. "రెండు వానకాలాలు పెట్టెల పడున్నది. లోపల ఖరాబైంది."

నేను లోలోపల నవ్వుకున్నాను. నలభై వీడియోల్లోనూ లేని కొత్త ఎత్తు. మంచిదాన్ని ఇంకెవరికో ఎక్కువకు మాట్లాడుకుని, నాకు పాడైందని చెప్పి పంపేస్తున్నాడన్నమాట.

"ఖరాబైతే ఫోటోల ఎందుకు వెట్టిన్రు సార్?"

"మా అల్లుడు వెట్టిండు. దుకాన్ల ఉన్నయన్ని ఒక్కకాడ వెట్టి ఫోటో దీసిండు. వానికేం దెల్వదు."

"నాకు అదే గావాలె."

ఆయన నన్నొకసారి పరిశీలనగా చూశాడు. లేచి లోపలికి వెళ్లి టార్చి తెచ్చాడు. లెన్స్ వెనక నుంచి వెలుగు వేసి, ముందు నుంచి చూడమన్నాడు. వాళ్ల లైటు కింద చూడొద్దన్న సూత్రం నాకు ఠక్కున గుర్తొచ్చింది. నేను తల పైకెత్తి ఫ్యాన్ వైపు చూస్తూ నిలబడ్డాను.

"సూడు బిడ్డా. నీ కండ్లతోని నువ్వే సూడు."

"టార్చి మీదే, లెన్స్ మీదే. నేను సూడ."

పాపం, ఆయన టార్చి ఆర్పి బల్ల మీద పెట్టేశాడు. ఆ తర్వాత జరిగిన బేరం ఎక్కడా జరిగి ఉండదు. ఊరికే ఇస్తాను తీసుకుపొమ్మన్నాడు. ఊరికే ఇచ్చిందాన్ని రేపు వెనక్కి అడగొచ్చు కదా అని నేను ఒప్పుకోలేదు. సరే, రెండు వందలివ్వమన్నాడు. ఇంత తక్కువ చెబుతున్నాడంటే మాట మార్చే ఉద్దేశంలో ఉన్నాడనిపించి నేనే వెయ్యి అన్నాను. ఆయన వద్దన్నాడు. నేను పదిహేను వందలన్నాను. ఆయన తగ్గించుకుంటూ, నేను పెంచుకుంటూ పోయి, ఆఖరికి ఆయన విసిగిపోయి "నీ ఇష్టం" అనేదాకా వచ్చింది. డబ్బు ఆయన చేతిలో కుక్కి, లెన్స్‌ను ఒడిలోకి తీసుకున్నాను. గెలిచానన్న ఆనందంలో చెవులు వేడెక్కాయి.

లేవబోతుంటే సత్తయ్య సార్ సొరుగులోంచి పిడికెడంత నల్ల లెన్స్ ఒకటి తీశాడు. జూమ్ లేదు, ఏమీ లేదు. అంచు దగ్గర పెచ్చు లేచిపోయి ఉంది.

"ఇది కొసరు," అన్నాడు. "నేను దీసిన మంచి ఫోటోలన్ని దీంతోనే. ఇది మాత్రం అమ్ముకోకు."

కొసరు ఇస్తున్నాడంటే మనస్సాక్షి గుచ్చుతోందన్నమాట అనుకుని, దాన్ని నిర్లక్ష్యంగా బ్యాగు అడుగున పడేశాను.

మర్నాడు పొద్దున మేడ మీదకెక్కి పెద్ద లెన్స్‌తో నాలుగు ఫోటోలు తీశాను. అన్నీ తెల్లగా, మసకమసకగా వచ్చాయి. జనవరి నెల, బయట మంచు కురుస్తోంది. మంచులో తీస్తే మంచే వస్తుంది. ఇంతకంటే స్పష్టమైన సంగతి ఏముంటుంది? పరీక్ష పూర్తయిందని కిందికి దిగాను.

ఆ సాయంత్రం మంచం మీద దుప్పటి పరిచి లెన్సులన్నీ వరుసగా పెట్టాను. ఏది ఉండాలి, ఏది పోవాలి. అమ్మ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. పెద్ద లెన్స్ సంగతి ఆలోచించే పనే లేదు, అది ఉంటుంది. రెండోది ఏదన్నప్పుడు, తొర్రూరు కొసరు లెన్స్, గుమ్మడికాయ లెన్స్ మిగిలాయి. అమ్మ చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని, ముద్దుగా ఉంది, జాగా కూడా పట్టదు, ఉంచుకోమంది. అమ్మ చెప్పిన తర్వాత దాన్ని ఉంచుకుంటే నా పరువేం కావాలి? గుమ్మడికాయ లెన్స్ ఉంచుకున్నాను.

మిగిలినవన్నీ మూటగట్టి మొయిన్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. వరంగల్ చౌరస్తా దగ్గర సందులో ఆయనది కెమెరాలు బాగుచేసే చిన్న దుకాణం. పాతవి కొంటాడు, అమ్ముతాడు. మాట తక్కువ. మూట విప్పి ఒక్కొక్కటీ చూస్తూ వచ్చి, చిన్న లెన్స్ దగ్గర ఆగాడు. కిటికీ వైపు తిప్పి చూశాడు, మళ్లీ చూశాడు.

"దీన్నెందుకు అమ్ముతున్నవ్ చెల్లె? ఇదొక్కటి ఉంచుకోని కడమవన్ని ఇచ్చెయ్."

పెద్ద లెన్స్ ఉంది, దాంతో నాకు పని లేదన్నాను. ఆ పెద్దదాన్ని ఒకసారి తెచ్చి జర చూపించమన్నాడు. సత్తయ్య, అమ్మ, ఇప్పుడు ఈయన. ముగ్గురూ ఒకే మాట అంటున్నారంటే మీరైతే ఏమనుకునేవారో నాకు తెలీదు. నేను మాత్రం, లోకమంతా ఒకవైపు నిలబడితే రెండోవైపు చాలా విశాలంగా ఉంటుందనుకునే రకాన్ని. చూపించే పనిలేదని చెప్పి వచ్చేశాను.

ఇక పెద్దమ్మ సంగతి. ఖిలా వరంగల్‌లో ఉండే మా అమ్మ అక్క. అంతకు ముందు ఏడాది ఆమెకు గుండె ఆపరేషన్ అయింది. నెలన్నర దవాఖానాలో ఉంది. ఒక దశలో చుట్టాలందరినీ పిలిపించమన్నారు కూడా. ఆ రోజుల్లో ఆమె సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది, బతికి బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని త్రాసులో కూర్చోబెట్టి, ఎంత బరువుంటే అంత బెల్లం తల్లులకు సమర్పిస్తారు. రెండేళ్లకోసారి వచ్చే జాతర ఆ మాఘమాసంలోనే వచ్చింది.

పెద్దమ్మ నన్ను పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను సచ్చిపోత అనే అందరనుకున్నరు బిడ్డా. బతికొచ్చి త్రాసుల కూసున్నట్టు ఒక్క ఫోటో ఉండాలె. మంచిగ తియ్యి."

సరేనని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అలాంటప్పుడైనా మనిషి వినయంగా ఉండాలి. నేనేం చేశానంటే, మేడారం వెళ్లే జీపులో ఎక్కిన పద్నాలుగు మంది చుట్టాలకూ ఒక ఆజ్ఞ జారీ చేశాను. తూకం వేసేటప్పుడు ఎవరూ ఫోన్లు తీయకూడదు, అడ్డం రాకూడదు, నేనున్నాను. మా అన్నయ్య ఒకడు ఎందుకైనా మంచిదని ఒక ఫోటో తీసుకుంటానంటే వాడి ఫోన్ తీసుకుని నా బ్యాగులో పెట్టుకున్నాను.

మేడారంలో ఇసుక వేస్తే రాలనంత జనం. దుమ్ము ఎర్రగా లేచి చెట్లకంటే పైకి పోతోంది. బెల్లం కొట్టు ముందు ఇనుప గొలుసులతో త్రాసు వేలాడుతోంది. పెద్దమ్మను ఒక తట్టలో కూర్చోబెట్టారు. నాది దూరం నుంచి తీసే లెన్స్ కదా, జనంలోంచి వెనక్కి వెనక్కి నడిచి, ఒక ఎడ్లబండి ఎక్కి నిలబడ్డాను. అక్కణ్నుంచి చేతులూపుతూ, పెద్దమ్మను కొంచెం ఎడమకు తిరగమనండి, సూర్యుడు వెనక్కి రావాలి అని అరిచాను. బెల్లం ముద్దలు రెండో తట్టలో పడుతున్నాయి. సరిగ్గా తట్టలు సమంగా వచ్చిన క్షణంలో పెద్దమ్మ కాళ్లు నేల విడిచాయి. ఆమె గొలుసు పట్టుకున్న చేతులు వదిలేసి దండం పెట్టింది. కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు. నేను వరుసగా నొక్కుతూ పోయాను, నలభై తీశాను. కెమెరాలోంచి కంటికి అంతా మసకగానే కనిపించింది. మేడారం దుమ్ము అనుకున్నాను. ఎండలో కెమెరా వెనక తెరమీద ఎలాగూ ఏమీ కనిపించలేదు.

మర్నాడు ఇంట్లో కంప్యూటర్‌లో తెరిచాను. నలభై ఫోటోల్లోనూ పాలపొడి చల్లినట్టు తెలుపు. త్రాసు గొలుసులు తెలుపులో కలిసిపోయాయి, బెల్లం ముద్దలు కలిసిపోయాయి. పెద్దమ్మ మొహం, దండం పెట్టిన చేతులు మాత్రం ఎక్కడో లోపల్నుంచి కనిపిస్తున్నాయి. మంచు కాదు. దుమ్మూ కాదు. వేరే సాకు దొరుకుతుందేమోనని పావుగంట వెతికాను. దొరకలేదు.

లెన్స్ పట్టుకుని మొయిన్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఏమీ అనకుండా టార్చి వెలిగించి వెనక నుంచి పట్టుకున్నాడు. ఈసారి చూశాను.

అద్దం లోపల సన్నటి తెల్లదారాలు. దారంలోంచి దారం, కొమ్మలోంచి కొమ్మ, అంచుల నుంచి మధ్యకు అల్లుకుపోయి ఉన్నాయి. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చర్మం గీరిన నమూనాల్లో వారానికి నాలుగుసార్లు చూసి, ఫంగస్ ఉన్నదని నా చేత్తో రాసి సంతకం పెట్టేది దాన్నే. జీతం తీసుకుని చూసేదాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నాను.

"నువ్వు ఏం పనిజేస్తనన్నవ్ చెల్లె?" అని మొయిన్ భాయ్ నెమ్మదిగా అడిగాడు.

నేను ఆ ప్రశ్న విననట్టు, శుభ్రం చేయొచ్చా అని అడిగాను. ఫంగస్ అద్దం పూతను తినేసింది, తుడిచినా గీతలు పోవన్నాడు. మిగతా లెన్సులతో కలిపి పెట్టొద్దని, అంటుకుంటుందని కూడా చెప్పాడు. అంటువ్యాధుల గురించి నాకు మొయిన్ భాయ్ చెప్పాల్సి వచ్చింది. మరి ఆ చిన్న లెన్స్ అని నసిగాను. నేనిచ్చి వెళ్లిన సాయంత్రమే జనగామ పెళ్లి ఫోటోగ్రాఫర్ ఒకాయన ఎగరేసుకుపోయాడట. వెనక్కి ఇస్తాడేమో అడిగి చూడనా అన్నాడు. వద్దన్నాను. మనిషికి కాస్త అభిమానం ఉండాలి. బయటికొచ్చి సందు మలుపు దాకా అభిమానంతో నడిచి, వెనక్కి తిరిగొచ్చి అడగమని చెప్పాను. జనగామ ఆయన ప్రాణం పోయినా ఇవ్వనన్నాడు.

సత్తయ్య సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. ఆయన 'నేనప్పుడే చెప్పాను' అనలేదు. లెన్స్ తెచ్చిచ్చి డబ్బు తీసుకుపొమ్మన్నాడు. ఆయన అలా అనకపోతే బహుశా ఇచ్చేసేదాన్నే. అన్నాక ఎలా ఇస్తాను? కొన్నది నేను, చెడిపోయినా నాదే అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇక మిగిలింది పెద్దమ్మ. నలభైలో కాస్త మెరుగైనదాన్ని ప్రింటు తీయించి, అమ్మను వెంటబెట్టుకుని ఖిలా వరంగల్ వెళ్లాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. తప్పు నాది, ఇంకెవరినీ తీయనివ్వనిది కూడా నేనే, వచ్చే జాతరకు నా ఖర్చుతో మళ్లీ తీసుకెళ్తాను. తిట్టినా, ఏడ్చినా పడతాననుకున్నాను.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోటోను ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు చూసింది. నేను నేల మీద గచ్చు గీతలు లెక్కపెడుతున్నాను.

"ఈ ఎలుగేందే?" అంది.

"అది ఎలుగు గాదు పెద్దమ్మా. బూజు. లెన్స్ లోపల ఫంగస్ వట్టింది. నాదే తప్పు, నేను సూడకుండ కొన్న."

ఆమె వేలితో ఫోటోలో తన మొహం చుట్టూ ఉన్న తెల్లదనాన్ని మెల్లగా తడిమింది. ఆపరేషన్ బల్లమీద పడుకున్నప్పుడు పైన పెద్ద లైటు వెలిగిందని, ఆ తర్వాత కళ్లు తెరిచేదాకా తనకు గుర్తున్నది ఆ తెల్ల వెలుగొక్కటేనని, ఆ వెలుగులోంచే తల్లులు తనను చెయ్యి పట్టి తీసుకొచ్చారని చెప్పింది. ఇన్ని రోజులూ ఎవరికీ చెప్పలేదట, నవ్వుతారని. అమ్మ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేనూ పక్కకు తిరిగాను. కానీ ల్యాబులో పనిచేసే మనిషిని, అబద్ధం రిపోర్టు ఇవ్వలేను. పెద్దమ్మా, నిజంగానే అది బూజు అని మళ్లీ చెప్పాను. మొయిన్ భాయ్ చూపించినట్టు టార్చి పెట్టి చూపిస్తానన్నాను.

పెద్దమ్మ కళ్లజోడు తీసి నా వంక చూసింది. కోపం లేదు, ఉన్నదల్లా జాలి. నాకు సరిపడని ఆ జాలే.

"నువ్వు దినమంత పురుగులు సూసే పని జేత్తవు బిడ్డా. నీకు యాడ సూసినా అవ్వే కనవడ్తయ్."

పక్కింటామె వచ్చింది, ఎదురింటామె వచ్చింది. ఫోటో చేతులు మారింది. వారం తిరక్కుండా పెద్ద ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. తర్వాతి నెలలో మా చుట్టాల్లో ముగ్గురు, తమ ఇంటి శుభకార్యాలకు ఫోటోలు తీయమని కబురు పెట్టారు. అందరిదీ ఒకటే షరతు, పెద్దమ్మకు వచ్చిన వెలుగు తమకూ రావాలని. బూజు అని చెప్పి చూశాను. ఆ బూజుకే ఎంతవుతుందో చెప్పమన్నారు.

ఇంత జరిగాక నాకు బుద్ధి రాలేదని అనుకోకండి. వచ్చింది. ఉత్తరం వైపు తిరిగి, తడి బట్టలతో, ల్యాబు మైక్రోస్కోపు మీద చెయ్యి పెట్టి గట్టిగా ఒట్టు వేస్తున్నాను. అమ్మేవాడు వద్దు బిడ్డా అని బతిమాలిన వస్తువును ఈ జన్మలో మళ్లీ కొనను. బతిమాలకుండా అమ్మేవాళ్ల సంగతి ఈ ఒట్టులో లేదు. వాళ్లతో నేను మాట్లాడుకుంటాను.